హోమర్‌కి జీతం అక్కర్లేకుండా పోయింది, మనిషి కూడా పోయాడు



పోస్టు కొంచెం పెద్దది. ఓపికుంటే చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, సమాధానం చెప్తాను.

హాస్టల్ గదుల్లో రాత్రిపూట మనోళ్లు ఫోన్లో చూసేవాటిలో 'ది సింప్సన్స్' ముక్కలు కూడా ఉంటాయి. పసుపుపచ్చ మొహాల అమెరికా కుటుంబం, బట్టతల నాన్న, నీలం జుట్టు అమ్మ. ఆ షో గురించి మాట వస్తే మన దగ్గర రెండే మాటలు వినపడతాయి. ఒకటి, "పాత సీజన్లు సూపర్, కొత్తవి చెత్త. ముప్పై ఏళ్లు దాటి నడిస్తే ఏదైనా పాతబడుతుంది." రెండోది, "కార్టూనే కదా అన్నా, నవ్వుకుని వదిలెయ్యి." ఈ రెండు మాటలూ నేను ఒప్పుకోను. ఆ షో ముసలిదై పాడవలేదు. అందులో మనుషులకి బతుకు బాధ తీసేశారు, అందుకే పాడైంది. బతుకు బాధ తీసేస్తే మనిషిలో ఒక్క గుణమే మిగులుతుంది. ఆ ఒక్క గుణాన్ని లాగి లాగి సాగదీస్తే అది మనిషి కాదు, బొమ్మ. ఇలా బొమ్మని చెయ్యడం అంటే ఏంటో ఆదివాసీ పిల్లలకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అందుకే ఇది మన గ్రూపులో మాట్లాడుకోవాల్సిన విషయం అంటున్నాను.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాట్ గ్రేనింగ్ అనే ఆయన సృష్టించిన ఈ కుటుంబం మొదట 1987లో వేరే టీవీ షో మధ్యలో చిన్న చిన్న ముక్కలుగా వచ్చింది. 1989 డిసెంబర్ 17న అరగంట షోగా మొదలైంది. నాన్న హోమర్ అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. అమ్మ మార్జ్ ఇంటి దగ్గరే. కొడుకు బార్ట్‌కి 10 ఏళ్లు, కూతురు లీసాకి 8 ఏళ్లు, మ్యాగీ ఇంకా పాలపీక నోట్లో పెట్టుకున్న పసిది. యజమాని బర్న్స్ ఊరంతా భయపడే ముసలి కోటీశ్వరుడు. ఇప్పటికి 750కి పైగా ఎపిసోడ్లు వచ్చాయి. బార్ట్‌కి ఇంకా 10 ఏళ్లే.

ఇప్పుడు మొట్టమొదటి ఎపిసోడ్ కథ చూడండి. క్రిస్మస్ వస్తోంది. ఇంట్లో దాచిన డబ్బు కొడుకు చేతి మీద పచ్చబొట్టు చెరిపించడానికి ఖర్చయిపోతుంది. బోనస్ వస్తుందిలే అనుకుంటే, ఈసారి బోనస్ లేదని బర్న్స్ చెప్పేస్తాడు. హోమర్ ఆ సంగతి ఇంట్లో చెప్పలేడు. రహస్యంగా ఒక దుకాణంలో క్రిస్మస్ తాత వేషం వేసే పనికి వెళ్తాడు. కటింగులన్నీ పోను చేతికి వచ్చింది 13 డాలర్లు. ఆ 13 డాలర్లు కుక్కల పందెంలో పెట్టి అవి కూడా పోగొట్టుకుంటాడు. ఓడిపోయిన కుక్కని దాని యజమాని తరిమేస్తే, దాన్ని చంకనేసుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ కుక్కే పండగ బహుమతి అయిపోతుంది.

ఈ కథ మనకి ఎవరూ వివరించక్కర్లేదు. పండక్కి చేతిలో డబ్బుల్లేవని పిల్లలకి చెప్పలేక, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరే నాన్నలు మన గూడేల్లో ఎంతమంది లేరు?

మొదటి సీజన్లోనే ఇంకో ఎపిసోడ్ ఉంది. కుటుంబం బాగుపడాలని, డాక్టర్ ఫీజు కట్టడానికి హోమర్ ఇంట్లో టీవీ తాకట్టు పెడతాడు. 1993లో వచ్చిన 'లాస్ట్ ఎగ్జిట్ టు స్ప్రింగ్‌ఫీల్డ్' ఎపిసోడ్ అయితే కార్మికుల సమ్మె మీదే. పళ్ల వైద్యం ఖర్చు ఇక కంపెనీ పెట్టుకోదు, దాని బదులు ఒక పీపా బీరు ఇస్తాను అంటాడు యజమాని. యూనియన్ మీటింగులో అందరూ సరే అనబోతారు. హోమర్‌కి ఒక్కసారిగా గుర్తొస్తుంది, కూతురి పళ్లకి క్లిప్పు వేయించాలి. కంపెనీ ఇవ్వకపోతే ఆ ఖర్చు తన జేబులోంచే. అంతే, సమ్మె. బర్న్స్ ఊరికి కరెంటు తీసేస్తాడు. చీకట్లో జనం పాడతారు. అరగంట కార్టూన్‌లో యూనియన్ అంటే ఏంటో, యజమాని ఎలా ఆలోచిస్తాడో, ఒక పీపా బీరుకి హక్కు ఎలా అమ్ముడుపోతుందో చూపించారు. ఎన్నికల ముందు రోజు రాత్రి మన ఊళ్లలో సీసాలు ఎలా పంచుతారో చూసినవాళ్లకి ఆ బీరు పీపా జోకు అమెరికావాళ్లకంటే బాగా అర్థమవుతుంది.

1995లో మ్యాగీ పుట్టిన కథ ఒకటి వచ్చింది. హోమర్ అణు కేంద్రం వదిలేసి, తనకిష్టమైన చిన్న ఉద్యోగంలో సంతోషంగా ఉంటాడు. మూడో బిడ్డ కడుపున పడుతుంది. ఆ జీతం చాలదు. తిరిగి వెళ్లి బర్న్స్ కాళ్ల దగ్గర పాక్కుంటూ పాత ఉద్యోగం అడుక్కుంటాడు. జీవితాంతం ఇక్కడే పడుండాలి అనే అర్థం వచ్చే బోర్డు ఒకటి బర్న్స్ అతని కళ్ల ముందు గోడకి కొట్టిస్తాడు. హోమర్ దాని మీద మ్యాగీ ఫొటోలు అక్కడక్కడా అంటించి, కొన్ని అక్షరాలు మూసేసి, ఇదంతా పాప కోసమే అనే అర్థం వచ్చేలా మార్చుకుంటాడు. నవ్వించే షో ఇది. ఆ సీన్ చూసి ఎవరైనా నవ్వగలరేమో చూడండి.

గమనించండి. ఈ కథలన్నిట్లో హోమర్ సోమరి, తిండిబోతు, బుద్ధి తక్కువ. అయినా మనిషే. ఎందుకంటే అతని తప్పుకి ధర ఉంది. తాగొస్తే భార్య ముందు తలదించుకోవాలి. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. తెలివితక్కువ పని చేస్తే దాని ఫలితం వచ్చే వారం దాకా కాదు, అదే రాత్రి అనుభవించాలి.

తర్వాత ఏమైంది? మెల్లగా ఆ ధర తీసేశారు. తొమ్మిదో సీజన్, పదో సీజన్ వచ్చేసరికి హోమర్ ఏ పనైనా చేస్తాడు, ఏ ఉద్యోగంలోనైనా చేరతాడు, ఇల్లు తగలబెడతాడు, జనాన్ని కొడతాడు, వచ్చే వారం మళ్లీ సోఫాలో కూర్చుని ఉంటాడు. డబ్బు సంగతి ఎవడూ అడగడు. బుద్ధి తక్కువ అనే ఒక గుణం మాత్రం పెరిగి పెరిగి మనిషిని మింగేసింది. పైగా అందులో దుర్మార్గం కూడా చేరింది.

రాసేవాళ్లకి ఇది తెలీదా అంటే, తెలుసు. 1997లో వాళ్లే 'హోమర్స్ ఎనిమీ' అని ఒక ఎపిసోడ్ తీశారు. ఫ్రాంక్ గ్రైమ్స్ అనే కొత్త ఉద్యోగి వస్తాడు. చిన్నప్పటి నుంచి దిక్కులేనివాడు, ప్రతి మెట్టూ కష్టపడి ఎక్కినవాడు, అద్దె గదిలో బతుకుతున్నవాడు. ఏ పనీ చెయ్యని హోమర్‌కి రెండంతస్తుల ఇల్లు, కుటుంబం ఎలా వచ్చాయో అతనికి అర్థం కాదు. అడుగుతాడు, ఎవరూ పట్టించుకోరు. చివరికి పిచ్చెక్కి, హోమర్‌లాగే ప్రవర్తించబోయి కరెంటు తీగ పట్టుకుని చచ్చిపోతాడు. హోమర్ అతని అంత్యక్రియల్లో నిద్రపోతాడు, జనం నవ్వుతారు. ఆ షో తన గురించి తాను చెప్పుకున్న నిజం ఇది. కష్టానికి విలువున్న లోకం నుంచి వచ్చినవాడు ఈ కొత్త స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బతకలేడు. నా దృష్టిలో పాత సింప్సన్స్‌కి అదే ఆఖరి ఊపిరి.

ఇంకో గుర్తు చెప్తాను. 1991లో లీసా స్కూలుకి కొన్నాళ్ల కోసం వచ్చిన మాస్టారి పాత్రకి డస్టిన్ హాఫ్‌మన్ గొంతు ఇచ్చాడు. అప్పటికే రెండు ఆస్కార్లు వచ్చిన నటుడు. తన అసలు పేరు కూడా వెయ్యనివ్వలేదు, మారుపేరు వేయించుకున్నాడు. అక్కడ ముఖ్యం ఆ మాస్టారు, ఆ మాస్టారు వెళ్లిపోతే ఏడ్చే ఎనిమిదేళ్ల పిల్ల. 2015కి వద్దాం. ఎలాన్ మస్క్ ఎలాన్ మస్క్‌గానే ఊళ్లోకి దిగుతాడు, ఎపిసోడ్ పేరులో కూడా అతని పేరే. ఒకప్పుడు కోటీశ్వరుడు అంటే బర్న్స్, జనం ఎదురు తిరగాల్సినవాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి కోటీశ్వరుడు ఇంటికొచ్చిన చుట్టం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. హోమర్ పక్కింటివాడు నెడ్ ఫ్లాండర్స్. మొదట్లో ఫ్లాండర్స్ ఎవరు? మంచి పొరుగువాడు. అడిగితే సామాను అరువిస్తాడు, కొడుకుతో ప్రేమగా ఉంటాడు, ఇల్లు చక్కగా ఉంచుకుంటాడు, చర్చికి వెళ్తాడు. అతని మంచితనం చూసి హోమర్‌కి కడుపుమంట. 1991లో ఒక కథలో ఉన్న ఉద్యోగం వదిలి ఎడమచేతివాటం వాళ్ల కోసం దుకాణం పెట్టి, బేరాల్లేక మునిగిపోతాడు. ఇల్లు కూడా పోయే పరిస్థితి. అది కోరుకున్న హోమరే సిగ్గుపడి ఊళ్లో ఎడమచేతివాటం వాళ్లందరినీ పోగేసుకొస్తాడు. అంటే ఫ్లాండర్స్‌కి భక్తి ఉంది, దాంతోపాటు అప్పుంది, ఆశ ఉంది, ఇల్లుంది. పదేళ్లు గడిచేసరికి భక్తి తప్ప ఏమీ మిగల్లేదు. నోరు తెరిస్తే దేవుడు, కళ్లు మూస్తే దేవుడు. ఇదెంత స్పష్టంగా జరిగిందంటే, ఒక పాత్రలో ఒక గుణాన్నే పెంచి మిగతా మనిషిని చంపెయ్యడానికి అభిమానులు అతని పేరే పెట్టేశారు. 'ఫ్లాండరైజేషన్' అంటారు. 'ఫ్యామిలీ గై' షోలో కూతురు మెగ్‌కి జరిగిందీ ఇదే. మొదట్లో నలుగురిలో కలవాలని తాపత్రయపడే మామూలు టీనేజ్ పిల్ల. తర్వాత ఇంటిల్లిపాదీ చీదరించుకోవడానికి పెట్టుకున్న బొమ్మ.

ఎందుకిలా? జోకులు అయిపోయాయి కాబట్టి అంటారు కొందరు. నేను వేరే లెక్క చెప్తాను.

మొదటిది, మనుషులు ఎదగకూడదని రూలు. 1991 ఎపిసోడ్‌లో హోమర్, మార్జ్ కాలేజీకి ముందు 1974లో కలుసుకున్నారు. 2008కి వచ్చేసరికి ఆ లెక్క కుదర్లేదు, వాళ్ల యవ్వనాన్ని 1990లలోకి జరిపేశారు. సొంత గతం కూడా నిలవని మనిషికి అనుభవం ఎక్కడ నిలుస్తుంది? ఏదీ నేర్చుకోకూడదు, ఏదీ పోగొట్టుకోకూడదు, కానీ వారం వారం కొత్తగా నవ్వించాలి. అలాంటప్పుడు రాసేవాడికి మిగిలేది ఒక్కటే దారి, ఉన్న గుణాన్ని ఇంకాస్త గట్టిగా అరిపించడం.

రెండోది, షో సరుకైపోవడం. టీ షర్టు మీద పడే బొమ్మకి ఒక్క గుణం చాలు. అప్పుల బాధ టీ షర్టు మీద పట్టదు. 2019లో ఈ షో ఫాక్స్ నుంచి డిస్నీ చేతికి వెళ్లింది. అదే ఏడాది డిస్నీ తన యాప్‌లో పాత ఎపిసోడ్లని వెడల్పు తెరకి సరిపోవాలని పైనా కిందా కత్తిరించి పెట్టింది. కొన్ని జోకులు ఆ కత్తిరింపులో ఎగిరిపోయాయి. అభిమానులు గోల చేశాక 2020లో పాత ఆకారం కూడా అందుబాటులో పెట్టారు. తెర నింపడమే ముఖ్యం, అందులో ఏముందో తర్వాత.

మూడోది నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది. 1993లో సమ్మె కథ చెప్పిన షో ఇది అన్నాను కదా. ఫ్లాండర్స్ భార్య మాడ్‌కి గొంతిచ్చే నటి మ్యాగీ రాస్‌వెల్ 1999లో జీతం దగ్గర పేచీ వచ్చి వెళ్లిపోయింది. 2000 ఫిబ్రవరిలో ఆ పాత్రని చంపేశారు. ఎలా? రేసు ట్రాక్ దగ్గర జనం మీదకి తుపాకీతో పేల్చిన టీ షర్టులు తగిలి కింద పడి చచ్చిపోతుంది. ఒకప్పుడు లీసా పళ్ల కోసం ఊరంతా పోరాడింది. ఇప్పుడు జీతం అడిగిన మనిషి పాత్ర టీ షర్టు తగిలి పోయింది. షో ఎటు నుంచి ఎటు మారిందో చెప్పడానికి ఈ రెండు ఎపిసోడ్లు చాలు. ఈ బొమ్మలు గీసే పనిలో పెద్ద భాగం మొదటి నుంచీ దక్షిణ కొరియాలో జరుగుతుంది. 2010లో బ్యాంక్సీ అనే వీధి చిత్రకారుడు ఈ షో కోసం ఒక టైటిల్ సీన్ రూపొందించాడు. చీకటి గోదాములో ఆసియా కార్మికులు వరసలో కూర్చుని సింప్సన్స్ బొమ్మలు గీస్తుంటారు. దాన్ని కూడా షో ప్రసారం చేసి నవ్వేసింది. తప్పు ఒప్పుకున్నట్టు కనపడుతుంది, ఏదీ మారదు. కొత్త సీజన్ల పద్ధతే అది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. "అయితే పాత సీజన్లు బంగారమా అన్నా?" కాదు. అపూ సంగతి చూడండి. కిరాణా షాపు నడిపే భారతీయుడు అపూ 1990లోనే వచ్చాడు. గొంతిచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. జనం నవ్వింది ఆ యాస మీద. చిత్రమేంటంటే అపూ కథ ఫ్లాండర్స్‌కి తిరగేసి నడిచింది. యాస జోకుగా పుట్టి, మధ్యలో కాస్త మనిషయ్యాడు. 1996లో ఒక కథలో వలస వచ్చినవాళ్లని తరిమెయ్యాలని ఊళ్లో ఓటింగు పెడతారు, అపూ భయం ఏంటో మనకి చూపిస్తారు. అతను కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసిన మనిషని కూడా చెప్తారు. కానీ స్కూల్లో భారతీయ పిల్లల్ని ఏడిపించడానికి ఈ డాక్టరేట్ ఎవరికీ గుర్తు రాలేదు, యాసే గుర్తొచ్చింది. న్యూయార్క్‌లో పెరిగిన, తెలుగు మూలాలున్న హాస్యకారుడు హరి కొండబోలు 2017లో దీని మీద డాక్యుమెంటరీ తీశాడు. 2018లో షో ఇచ్చిన జవాబు ఏంటంటే, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పంటే ఏం చెయ్యగలం అని లీసా చేత భుజాలెగరేయించింది. ఎనిమిదేళ్ల వయసులో ఊరంతటికీ ఎదురు నిలబడి న్యాయం మాట్లాడిన లీసా చేత! 2020లో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. ఆ ఏడాదే, తెల్లవాళ్లు కాని పాత్రలకి తెల్ల నటులు గొంతివ్వరని షో ప్రకటించింది. అపూ మాత్రం మాట లేకుండా గుంపులో నిలబడిపోయాడు. ముందు వెక్కిరించారు, అడిగితే నోరు మూసేశారు. మధ్యలో ఉన్న దారి, అంటే అతన్ని మనిషిగా రాయడం, ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. తెలుగు సినిమాలో ఆదివాసీ ఎప్పుడు కనపడతాడు? ఆకులు చుట్టుకుని, మొహానికి గీతలు గీసుకుని, హీరోని కట్టేసి మంట చుట్టూ గంతులేస్తాడు. ఏ భాషా కాని అరుపులు. కోయా కాదు, గోండీ కాదు, సవరా కాదు, కువీ కాదు. ఫ్లాండర్స్‌కి బొమ్మైపోవడానికి పదేళ్లు పట్టింది. మనల్ని మొదటి సీన్‌లోనే బొమ్మని చేశారు. సినిమాలే కాదు. సభ జరిగితే మనల్ని పిలిచేది థింసా ఆడటానికి, కొమ్ములు పెట్టుకుని డోలు కొట్టడానికి. అదే సభలో పోడు పట్టా గురించి మాట్లాడతామంటే మైకు ఇవ్వరు. నాట్యం మనదే, గర్వమే. కానీ అదొక్కటే మనం అంటే ఒప్పుకునేది లేదు. డోలీలో గర్భిణిని మోసుకెళ్లే బాధ, 1/70 చట్టం ఉండగానే చేయి మారిపోతున్న భూమి, స్కాలర్‌షిప్ రాక ఆగిపోయిన చదువు, ఇవన్నీ తీసేసి ఈకల కిరీటం మాత్రం ఉంచడమే మన మీద జరుగుతున్న ఫ్లాండరైజేషన్.

ఈ మాట బయటివాళ్లని తిట్టడానికే రాశాననుకోకండి. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు మన భాషల్లో కామెడీ వీడియోలు చేస్తున్నారు. చాలా సంతోషం. అయితే చూడండి, ఎన్నిట్లో తాగుబోతు మామ ఉన్నాడో. ఎన్నిట్లో పట్నం వెళ్లి ఎస్కలేటర్ ఎక్కలేక బెదిరిపోయే అవ్వ ఉందో. మొదటి వీడియోకి నవ్వొస్తుంది, వ్యూస్ వస్తాయి. రెండో దాంట్లో మామ ఇంకా ఎక్కువ తాగాలి. పదో దానికి మామ అంటే సీసానే. ఆ మామకి పొలం ఉందా, వడ్డీ వ్యాపారి దగ్గర అప్పుందా, ఎందుకు తాగుతున్నాడు, తాగకముందు అడవిలో ఏ చెట్టుకి ఏ మందు అని పిల్లలకి నేర్పినవాడేనా, ఇవేవీ ఉండవు. సింప్సన్స్‌కి పదేళ్లు పట్టిన పతనం ఫోన్‌లో పది వారాల్లో అయిపోతోంది. ఆ వీడియో చూసి నవ్వే బయటివాడికి మన మామ గురించి ముందే ఉన్న అభిప్రాయాన్ని మనమే ముద్ర వేసి ఇస్తున్నాం.

"నవ్వించడం కూడా తప్పేనా?" అని అడుగుతారు. కాదు. మొదటి సీజన్ల హోమర్ కడుపుబ్బ నవ్వించాడు, జేబులో 13 డాలర్లతోనే నవ్వించాడు. ఎక్కువ కాలం నడిస్తే పాడవక తప్పదనేది కూడా అబద్ధమే. 'కింగ్ ఆఫ్ ది హిల్' అని ఇంకో కార్టూన్ షో ఉంది. టెక్సస్‌లో గ్యాస్ సిలిండర్లు అమ్మే ఉద్యోగి కుటుంబం కథ. 1997లో మొదలై 2010 దాకా నడిచింది. 2025లో మళ్లీ వచ్చినప్పుడు ఆ మనుషులకి వయసు పెంచి తెచ్చారు. కొడుకు బాబీ పెద్దవాడై వంటవాడుగా స్థిరపడ్డాడు, తల్లిదండ్రులకి మారిపోయిన ఊరు కొత్తగా ఉంది. కార్టూన్ బొమ్మకి కూడా వయసు ఇవ్వొచ్చు. ఇవ్వాలనే మనసుండాలి.

కాబట్టి వీడియోలు చేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను అడిగేది ఒక్కటే. మామని చూపించండి, తాగనివ్వండి కూడా. కానీ పొద్దున లేచాక అతను ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో కూడా చూపించండి. అవ్వ ఎస్కలేటర్ దగ్గర తడబడితే తడబడనివ్వండి. తర్వాతి వీడియోలో ఆ పట్నం మనవడు కొండెక్కలేక ఆయాసపడుతుంటే అవ్వ వెనక్కి తిరిగి చూసి నవ్వాలి. వ్యూస్ తగ్గుతాయేమో, తగ్గనివ్వండి. సింప్సన్స్‌కి వ్యూస్ కొరత ఎప్పుడూ లేదు, వాళ్లకి లోటైంది మనుషులే.

ఇది చదివి "కార్టూన్‌కి ఇంత పోస్టా" అనుకునేవాళ్లు, ఈ రాత్రి ఫోన్‌లో మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ ఒకటి, ఈమధ్య సీజన్‌ది ఒకటి చూడండి. రెండిట్లో హోమర్ జేబులో ఎంత డబ్బుందో చెప్పగలరా అని ప్రయత్నించండి. మొదటి దాంట్లో చెప్పగలరు. రెండో దాంట్లో చెప్పలేకపోతే, నా వాదన అదే.

ఒప్పుకోనివాళ్లు కింద రాయండి. మన భాషలో మంచి కామెడీ చేస్తున్నవాళ్లు తెలిస్తే వాళ్ల వీడియోలు కూడా పెట్టండి, అందరం చూద్దాం.

జై ఆదివాసీ.